కచేరి కోపము, ఇంటి దుత్త

సాయంకాలము తార్నాక కూడలిలో నిలిచి చూచినచో, విశ్వవిద్యాలయమునుండియు, పరిశోధనాలయములనుండియు రామంతాపూరు మొదలగు పేటలకు మరలు ఉద్యోగులు కనబడుదురు. చేతిలోని సంచితోపాటు, పైఅధికారి నాడు పలికిన మాటయు వారి వెంట ఇల్లు చేరును.

అత్తమీది కోపము దుత్తమీద చూపుట మన సామెత ఎరిగిన సత్యమే. 2006లో హూబ్లర్, బ్రాస్ అను అమెరికా పరిశోధకులు ఉద్యోగుల కుటుంబసభ్యులను సైతము విచారించి, అధికారిచే అవమానము పొందినవారి ఇండ్లలో కసురులు, ఎత్తిపొడుపులు హెచ్చుగా నుండుట గమనించిరి.

పనివేళ దాటిన పిమ్మట వచ్చు సందేశములకు బదులీయనక్కరలేని హక్కును గూర్చి, 50 మందియు అంతకు మించియు పనిచేయు సంస్థలు ఉద్యోగులతో సంప్రదింపవలెనని ఫ్రాన్సు దేశము 2017 నుండి శాసించినది. మంచిదే. కాని చట్టము వేళను కాపాడగలదు. నాలుకను అదుపు చేయజాలదు.

క్రమశిక్షణ వలదని ఎవరును అనరు. లోపమును ఏకాంతమున చెప్పిన ప్రధానోపాధ్యాయుడు పనిని దిద్దును. పదుగురిలో నిందించినవాడు మనస్సును గాయపరచును. ఆ గాయమునకు వెల చెల్లించునది ఏ పాపము నెరుగని ఇంటి బిడ్డ.

తరగతిలో ఉపాధ్యాయుడును ఒక అధికారియే. రేపటి అధికారులు ఆయన యెదుటనే కూర్చుండి, మందలించు తీరును నేర్చుకొనుచున్నారు.