తండ్రి పేరు గడి



హాస్టల్ అడ్మిషన్ ఫారంలో ‘తండ్రి పేరు’ గడిని మనలో చాలామందిమి క్షణంలో నింపేస్తాం. జోగిని బిడ్డకు అక్కడే కలం ఆగుతుంది.

దేవత పేరు చెప్పి, ఎక్కువగా మన దళిత ఇళ్ళ ఆడపిల్లలనే బలిచేసిన ఈ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం గారు జోగినుల కోసం పాటుపడ్డారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో హాజమ్మ లాంటివారు ఆ ఆచారం నుండి బయటపడి, నలుగురిలో ధైర్యంగా మాట్లాడారు. వారికి దండం పెట్టాలి.

అంతమాత్రాన మాట్లాడని అక్కలను పిరికివాళ్ళనడం న్యాయం కాదు. బిడ్డను అంకితం చేసిన తల్లిదండ్రులు కూడా ఆ చట్టం కింద నేరస్తులే. నోరు విప్పితే కన్నతల్లే కేసులో ఇరుక్కోవచ్చు. పేపర్లో ఫోటో పడితే కొడుకు బడిలో తలెత్తుకోలేడు, కూతురి సంబంధం తప్పిపోతుంది. ఆమెను వాడుకున్న పెద్దమనుషులు మాత్రం ఊళ్ళో దర్జాగా తిరుగుతారు.

నా అభిప్రాయం ఒకటే. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమే నిర్ణయించుకోవాలి. పేరు, ఫోటో లేకుండా కూడా నిజం చెప్పవచ్చు. మిగతా భారం చదువుకున్న మనది. ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఆ మాట ఆఫీసుల్లో గుర్తుచేయాలి. ఈ పాతబస్తీ హాస్టల్లో మన పక్కన పెట్టె పెట్టుకున్న తమ్ముడు తల్లి పేరొక్కటే రాస్తే, ‘మీ నాయన ఎవరు?’ అని మనం అడగకుండా ఉండాలి.