స్టేషన్ గడప దగ్గరే చట్టానికి పరీక్ష

పోలీసు శాఖ నిర్మాణాన్ని మనం పైనుంచి వర్ణిస్తాం: డీజీపీ, ఎస్పీ, డీఎస్పీ, సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఎస్సై, కానిస్టేబుల్. వాకాడు తీరంలో చేపలు పట్టి బతికే యానాదికి అది కిందినుంచే కనిపిస్తుంది. మండల కేంద్రంలోని స్టేషన్లో రైటర్ కాగితం తీస్తే ఫిర్యాదు ఉన్నట్టు. తీయకపోతే అన్యాయమే జరగనట్టు.

ఈ దూరానికి చరిత్ర ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం యానాదుల్లో కొందరిని నేరస్థ తెగల చట్టం కిందకు తెచ్చింది. పుట్టుకనే నేరంగా చూసిన ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినంత సులువుగా చూపు పోదు.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఈ సంగతి ఎరిగినదే. స్టేషన్‌కూ ఊరి పెత్తందారులకూ ఉండే సాన్నిహిత్యాన్ని అనుమానించినట్టే, దర్యాప్తును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి అప్పగించారు. అరవై రోజుల్లో అభియోగపత్రం వేయాలన్నారు. బాధితుడు నోటితో చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవడం పోలీసు విధి. దళితుడో గిరిజనుడో కాని అధికారి ఉద్దేశపూర్వకంగా ఆ విధిని విస్మరిస్తే నాలుగో సెక్షన్ కింద శిక్షార్హుడు. అయితే ఆ అభియోగానికి పరిపాలనా విచారణ సిఫారసు కావాలి. అంటే అధికారుల తప్పును అధికారులే ముందుగా ఒప్పుకోవాలి.

ఈ నిర్లక్ష్యం ఖరీదు చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులు హతులైనప్పుడు ముఖ్యమంత్రి ఈ వాకాడు వాసి నేదురుమల్లి జనార్దనరెడ్డి. ప్రత్యేక న్యాయస్థానం తీర్పుకు 2007 దాకా పట్టింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదంటూ ఆ శిక్షలను రద్దుచేసింది. రుజువులు పుట్టేది తీర్పులో కాదు, దర్యాప్తు తొలి రోజుల్లో.

ఎస్సై ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపుకోవచ్చని చట్టం అంటుంది. 2022లో వాకాడు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ఎస్పీ కార్యాలయమూ తిరుపతికి మారింది. రాయడం రాని మనిషికి ఈ హక్కు ఎంత దూరం?

కనుక నేను అడిగేది కొత్త చట్టం కాదు. ప్రతి స్టేషన్ నోటీసు బోర్డు మీద మూడు అంకెలు తెలుగులో రాయండి: అందిన అత్యాచార ఫిర్యాదులు, నమోదైన కేసులు, అరవై రోజుల్లో వేసిన అభియోగపత్రాలు. మొదటి రెండింటి మధ్య తేడా ఉన్న ప్రతిచోటా నాలుగో సెక్షన్ విచారణ దానంతట అదే మొదలుకావాలి. శాఖ ప్రజాసేవ ఎంతో కవాతు మైదానంలో తేలదు, ఆ బోర్డు మీద తేలుతుంది.