లారీలపై కావలి యెవరి కొఱకు?

విజయవాడ ఆటోనగరులో నేడు రెండు లారీలు గల సామాన్యుడు సైతము జాడ తెలుపు యంత్రమును గూర్చి విచారించుచున్నాడు. బండి యెచ్చట నున్నది, ఎంత వేగమున పోవుచున్నది, ఎంత డీజిలు త్రాగినది, ఎంతసేపు నిలిచినది, ఇవన్నియు ఇంట గూర్చుండి చేతి ఫోనులో చూడవచ్చును. సరకు దొంగలపాలైనపుడును, ప్రమాదము సంభవించినపుడును ఈ జాడ గొప్ప మేలు చేయును. కావున యంత్రమే వలదనువారితో నేను చేరను. అయితే కొనువారు ధర యొక్కటియే అడుగుచున్నారు. అది యెవరి మేలు కొఱకు చూచునో అడుగుట లేదు.

ఇటీవల ఒక డ్రైవరు నాకడకు వచ్చెను. దూరప్రయాణము చేసి వచ్చిన యతని బత్తాలో కోత పడినది. దారిలో లారీ పదునొకండు గంటలు కదలలేదని యంత్రము చెప్పినదట. ఆ పదునొకండు గంటలును అతడు ఒక గోదాము వాకిట టోకెను చేతబట్టుకొని, సరకు దించు వంతు కొఱకు కాచియుండెను. యంత్రము అబద్ధ మాడలేదు. లారీ నిలిచిన మాట నిజమే. ఎవరు నిలిపిరో అది చెప్పలేదు, యజమాని అడుగలేదు. గోదాము పుస్తకములోని వేళలు చూపిన పిమ్మట సొమ్ము తిరిగి వచ్చినది గాని, దొంగవలె నిలువబడిన యవమానము అతని మనస్సునుండి పోలేదు.

ప్రభుత్వపు లెక్కలును బండ్లకు కలవు. 2018 ఏప్రిల్ 1వ తేదీనుండి రాష్ట్రములు దాటు సరకునకు ఈ-వేబిల్లు విధియైనది. 2021 జనవరినుండి సాధారణపు సరకునకు ఆ బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక దినము. ఆ యేడు ఫిబ్రవరినుండి టోలుగేట్లకడ ఫాస్టాగు తప్పనిసరి యైనది. వీనిలో సరకు గడువున్నది, టోలు కట్టిన వేళ యున్నది; డ్రైవరు నిద్రించిన గంటలు లేవు.

చట్ట మతనిని బొత్తిగా మరువలేదు. 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనియని నిర్ణయించి, దూరపు దారులకు కొంత సడలింపు నొసగెను. అయిదుగురికంటె తక్కువ పనివారు గల సంస్థలకు సాధారణముగా అది వర్తింపలేదు. 2025 నవంబరులో దాని స్థానమున కొత్త కార్మికస్మృతి వచ్చినను 8 గంటల సూత్రము నిలిచియే యున్నది. ఆ సూత్రము దారిపై అమలగుచున్నదా యని చెప్పగల సాక్షి ఈ యంత్రమే. ఆ సాక్షిని డ్రైవరుపై మాత్రమే ప్రయోగించుట న్యాయమా?

ఐరోపా సమాఖ్యలో లారీలకు టాకోగ్రాఫు అను యంత్రము కలదు. 2006 నాటి నిబంధన ప్రకారము నాలుగున్నర గంటలు నడిపినవాడు 45 నిమిషములు విశ్రమింపవలెను. రహదారి భద్రతకు ముప్పు కలుగునట్లు దూరమునుబట్టియో, వేగమునుబట్టియో డ్రైవరునకు ప్రతిఫల మీయరాదనియు, అతని యుల్లంఘనకు సంస్థయు బాధ్యత వహింపవలెననియు అందే కలదు. అచ్చటి లెక్క యజమానిని గూడ ప్రశ్నించును.

ఇక యజమాని మాట. మన దేశమున పెక్కు లారీలు అయిదు బండ్లకు మించని చిన్నవారివి. వారు యంత్రము నమ్మువాని యొడంబడికను చదువకయే సంతకము చేయుదురు. తన బండ్లు ఏ వర్తకునికి ఎన్నిమారులు పోయెనో ఎరిగినవాడు తన బాడుగ బేరమును గూడ పసిగట్టగలడని వారికి తోచదు. సొమ్మిచ్చి తెచ్చుకొన్న కావలివాడే ఇంటిగుట్టును సంతలో పెట్టిన నేమి సేయుదురు?

గోప్యత మౌలికహక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టపు 7వ సెక్షను మాత్రము, ఉద్యోగ సంబంధమైన పనులకును, యజమానిని నష్టమునుండి కాపాడుటకును పనివాని సమ్మతి లేకయే అతని సమాచారమును వాడుకొనవచ్చు ననుచున్నది. చట్టము వెసులుబాటిచ్చినంత మాత్రమున ధర్మమును విడువనక్కరలేదు.

కావున కొనబోవువారు అయిదు ప్రశ్నలు అడుగవలెను. బండి నిలిచినపుడు కారణము వ్రాయుటకు డ్రైవరునకు చోటున్నదా? గోదామువద్ద కాచిన కాలము వేఱుగా లెక్కకు వచ్చునా? తన లెక్కను అతడు తెలుగులో చదువుకొనగలడా? ఘాట్ రోడ్డులో ఫోను అందనపుడు యంత్రము వేళలను దాచి పిదప పంపునా? చందా మానిన నాడు పాతలెక్కలన్నియు యజమాని చేతికి వచ్చునా?

ఇందు యజమానికి నష్టము లేదు. కాచిన గంటల లెక్క చేతనున్నచో హాల్టింగు చార్జీలకు వర్తకునితో గట్టిగా వాదింపగలడు. డ్రైవరు బత్తాలో కోయు రూపాయి, ఆలస్యము చేసినవానినుండి రావలసిన రూపాయి. మన లారీ సంఘములు ఈ ప్రశ్నలను అచ్చు వేయించి తమ ఆఫీసు గోడలకు తగిలించి, వీనికి జవాబు చెప్పని యంత్రమును కొనకుందురు గాక.