హత్యాకథలు – మన పిల్లలు

హత్యలకథలు చదివిన పిల్లలు చెడిపోవుదురని పెద్దలు కొందరు గగ్గోలు పెట్టుచున్నారు. మే మంగీకరింపము. అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' అను నవలను మా శిష్యురా లొకతె చదివి, మాతో నిట్లనినది: "కథ చెప్పువాడు ఊరివైద్యుడు, మర్యాదస్థుడు. అందుచే నమ్మితినండీ. తుదకు హంతకు డాయనయే! మరల వెనుకకు తిప్పి చూచితిని. మనతో అబద్ధమాడిన చోటు కనబడలేదు. కొన్ని నిమిషముల సంగతి చెప్పక దాటవేసినాడు, అంతే."

నీతిశతకములు వల్లించు పిల్లలనోట నిట్టిమాట మేమెన్నడును వినలేదు. మర్యాదస్థుని మాట యెల్ల సత్యము కాదనియు, చెప్పక విడుచుటయు మోసమే యనియు ఆ బాలిక తనంత తా నెఱిగినది. ఆప్తవాక్యము ప్రమాణమని మన తార్కికులు చెప్పిరి. ఎవ్వడాప్తుడో విచారింపవలెనని మాత్రము మనయిండ్లలో నేర్పుట లేదు.

ఇట్టి నవలలయందు లోపమును గలదు. చచ్చినవాడు మనుష్యుడుగాక చిక్కుప్రశ్నయై మిగులును. ఆ లోపమును పిల్లలకు చూపుడు. పుస్తకమును మాత్రము లాగికొనకుడు. వారు మనలను ప్రశ్నింతురేమో యను భయమే యీ నిషేధమునకు మూలమైనచో, దిద్దుకొనవలసినవారు పిల్లలు కారు, మనమే.