మళ్ళీ ఇరవై ఏళ్ళా? ఎవరికి?

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ వాళ్ళు అడిగినప్పుడు, "సైన్సు విద్యార్థినివి గదా, పర్యావరణం మీద రాయి" అన్నారు. పర్యావరణం మీద రాసేవాళ్ళు ప్రతి ఏడూ ముగ్గురైనా ఉంటారు. నాలుగో వ్యాసం నేను రాయకపోతే పర్యావరణానికి కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. కనుక నేను సినిమాల మీద రాయదలచుకున్నాను. అందులోనూ ఒక్క రకం సినిమాల మీద. ముసలివాళ్ళో, నడివయసు వాళ్ళో ఏదో మాయ జరిగి రాత్రికి రాత్రి పడుచువాళ్ళైపోయే హాస్య చిత్రాల మీద. ఇదేం విషయమని పెద్దలు నవ్వవచ్చు. నవ్వించడానికే గదా వాటిని తీసింది. కానీ నవ్వు అయిపోయాక నాకొక సందేహం మిగిలిపోయింది. అది చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

మన తెలుగులో ఈ రకానికి అందరికీ తెలిసిన సినిమా 2019 జులైలో వచ్చిన "ఓ! బేబి". దర్శకురాలు నందినీరెడ్డిగారు. డెబ్బై ఏళ్ళ సావిత్రిగా లక్ష్మిగారు నటించారు. ఇంట్లో పోరుపడి, మనసు విరిగి, ఆమె ఒక ఫోటో స్టూడియోలోకి పోయి ఫోటో తీయించుకుంటుంది. బయటికి వచ్చేసరికి సమంత అయిపోయి ఉంటుంది. ఇది మన సొంత కథ కాదు. 2014లో కొరియాలో వచ్చిన "మిస్ గ్రానీ"కి తెలుగు రూపం. దాన్ని తీసిన హ్వాంగ్ డాంగ్ హ్యుక్ అనే ఆయనే 2021లో "స్క్విడ్ గేమ్" తీసి లోకాన్ని భయపెట్టాడు. చైనా, వియత్నాం, జపాన్, థాయిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పైన్స్, అందరూ ఈ కథను తమ తమ భాషల్లో తీసుకున్నారు. ఇన్ని దేశాల అవ్వలకూ ఒకటే కోరిక ఉందన్నమాట!

కొరియా కథలో ఆ అవ్వకు తిరిగి వచ్చే వయసు సరిగ్గా ఇరవై. నా వయసూ ఇరవయ్యే. ఇన్ని దేశాల వాళ్ళు మాయ చేసైనా తెచ్చుకోవాలని తపించే వయసులో నేను ఏ మాయా లేకుండా కూర్చొని ఉన్నాను. కూర్చొని ఏం చేస్తున్నానంటే, ప్రాక్టికల్ రికార్డులో బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మను రెండోసారి గీస్తున్నాను. మొదటిది ఎర్రసిరాతో కొట్టేశారు గనుక.

ఇటువంటి సినిమాల్లో నవ్వు ఎక్కడ పుడుతుందో గమనించారా? ఒళ్ళు మారుతుంది, నోరు మారదు. సమంత నోట డెబ్బై ఏళ్ళ ఆడమనిషి సణుగుళ్ళూ, శాపనార్థాలూ, ఆరాలూ వస్తుంటే హాలంతా గొల్లుమంటుంది. అంటే వయసు తిరిగి వచ్చినా జ్ఞాపకం పోకూడదు. పోతే హాస్యం లేదు. మా జంతుశాస్త్రంలో ఒక జెల్లీచేప ఉంది, టురిటాప్సిస్ అని. దెబ్బ తగిలినా, తిండి దొరకకపోయినా అది నిజంగానే పెద్దతనం వదులుకొని తన పసిదశలోకి, పాలిప్ రూపంలోకి వెళ్ళిపోతుంది. ఏ స్టూడియోకీ పోకుండానే! కానీ దానికి మెదడే లేదు. తాను ఒకప్పుడు పెద్దదాన్నని దానికి తెలియదు. కనుక దాని మీద ఎవరూ సినిమా తీయరు.

పెద్దవాళ్ళకు "మీ వయసే వయసు, మీకేం తెలుసు దీని విలువ" అని అనడం అలవాటు. ఈ అలవాటు మన దగ్గరే కాదు. 1882లో ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు రచయిత "వైస్ వెర్సా" అని ఒక నవల రాశాడు. కొడుకును బోర్డింగు స్కూలుకు పంపుతూ ఒక తండ్రి, నేనే మళ్ళీ పిల్లాణ్ణైతే ఎంత బాగుండు అంటాడు. అప్పుడతని చేతిలో ఉన్నది మన దేశం నుంచి పోయిన గరుడ రాయి. అన్నది అన్నట్టు జరిగిపోతుంది. కొడుకు తండ్రి రూపంలో ఇంట్లో ఉంటాడు. తండ్రి పిల్లాడి ఒంటితో ఆ స్కూలుకు పోయి పడరాని పాట్లు పడతాడు. ఈ రకం కథల్లో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. మాయ రాయి మనదైనందుకు కాదు, పెద్దాయన అన్నమాటను ఆయన చేతే మోయించినందుకు. తర్వాత హాలీవుడ్ వాళ్ళు తిప్పి తిప్పి ఇదే తీశారు. 1988లో "బిగ్" అని, అందులో పిల్లాడు పెద్దవాడైపోతాడు. 2009లో "సెవెన్టీన్ ఎగైన్" అని, అందులో సంసారం చెడిపోయిన తండ్రి పదిహేడేళ్ళవాడై తన పిల్లలు చదివే స్కూల్లోనే చేరతాడు. పిల్లలకు పెద్దరికం కావాలి, పెద్దలకు పిల్లతనం కావాలి. ఉన్నచోట ఉండడం ఎవరికీ ఇష్టం లేదు.

ఇక మా ఇంటి సంగతి. మాది పలమనేరు పక్కన పల్లె. ఎకరా మల్బరీ, ఎకరా టమోటా, రెండు ఆవులు. టమోటా ధర పడిపోయి కాయలు రోడ్డు పక్కన పారబోసిన ఏడు మా ఇల్లు నడిపినవి పట్టుగూళ్ళూ, పాలూ. పోయిన సంక్రాంతి సెలవుల్లో టీవీలో "ఓ! బేబి" వేస్తే అందరం కూర్చున్నాము. అందరం అంటే అవ్వ, అమ్మ, అన్న, నేను. నాయన లేడు. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగినాయని చెప్పుకుంటుంటే ఊళ్ళో మగవాళ్ళతో కావలికి పోయాడు. అవ్వ మొదట్నించీ ఒకటే నవ్వు. పడుచుపిల్ల చీర కట్టు చూసి నవ్వు, నడక చూసి నవ్వు, రాజేంద్రప్రసాద్ కనబడితే చాలు నవ్వు. అమ్మ మాత్రం సగంలో లేచి పోయింది. పురుగులకు ఆకు వెయ్యాల్సిన పొద్దు అది. నాలుగో జ్వరం దాటిన పురుగు ఆగదు, సినిమా అయితే ఆగుతుంది.

కథ చివర మీకు తెలిసిందే. మనవడికి ప్రమాదం జరుగుతుంది. రక్తం కావాలి. ఈమె ఇస్తే వచ్చిన వయసు పోతుంది. కొడుకుగా వేసిన రావు రమేష్‌గారు తల్లిని గుర్తుపట్టి, నువ్వు వెళ్ళిపో, ఈసారైనా నీ కోసం బతుకు అంటాడు. ఆమె వినదు. మళ్ళీ పుట్టినా ఇదే బతుకు, ఇదే కొడుకు కావాలని ఆమె భావం. రక్తమిచ్చి ముసలిదైపోతుంది. మా అన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. అవ్వ మాత్రం ఏడవలేదు. "ఇయ్యక ఏం చేస్తాది, ఇస్తాది" అనింది. కొంచేపుండి, "ఒక్క పంట కాలమన్నా ఉండింటే బాగుండు ఆ పిల్ల" అనింది.

ఆ మాటతోనే నా సందేహం మొదలైంది. ఈ సినిమాలన్నీ చివరికి ఒక్కచోటికే ఎందుకు వచ్చి చేరతాయి? ఇంగ్లీషు తండ్రీ అంతే. పదిహేడేళ్ళ వయసులో ఒకసారి ఆట వదిలి, గర్భవతిగా ఉన్న ప్రియురాలి వెంట పోయినవాడు, రెండోసారీ ఆట వదిలి ఆమె వెంటే పోతాడు. అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి, పాత సంతకం మీద మళ్ళీ సంతకం పెట్టించుకుంటారు. చూస్తున్న మనకు హాయిగా ఉంటుంది. ఎందుకంటే మనం పిల్లలం. మా అమ్మానాయనలు మా కోసం వదులుకున్నదాన్ని గురించి బాధపడడం లేదు, అడిగితే మళ్ళీ వదులుకుంటారు అని వినడం మనకు కావాలి. టికెట్టు కొన్నది మనం గదా!

ఈ లెక్క విషయంలో మన పురాణం నయమనిపిస్తుంది నాకు. నన్నయగారి ఆదిపర్వంలో యయాతి కథ ఉంది. శుక్రాచార్యుల శాపంతో ముసలితనం ముందే వచ్చి పడితే ఆయన కొడుకులను వరసగా అడుగుతాడు, నా ముసలితనం తీసుకొని మీ యౌవనం ఇమ్మని. నలుగురు ఒప్పుకోరు. చిన్నవాడు పూరుడు ఇస్తాడు. వెయ్యేళ్ళు అనుభవించి, కోరిక అనుభవిస్తే తీరేది కాదని తెలుసుకొని తిరిగి ఇచ్చేస్తాడు యయాతి. బదులుగా రాజ్యం పూరుడికి దక్కుతుంది. ఇక్కడ మాయ ఉంది గానీ మోసం లేదు. ఒకరికి వయసు వచ్చిందంటే ఇంకొకరికి పోయిందని కథ మొహం మీదే చెబుతుంది. భౌతికశాస్త్రంలో శక్తి నిత్యత్వ నియమం లాగా. సినిమాలో స్టూడియోవాడు వయసు ఊరికే ఇచ్చినట్టు కనిపిస్తాడు. కానీ ఆ వయసు ఏమైందో చూడండి. కొంత మనవడి పాటల బృందానికి పాడడంలో, మిగిలింది మనవడికి రక్తమివ్వడంలో.

పట్టుపురుగుల్లో జువెనైల్ హార్మోను అని ఒకటుంది. అది ఒంట్లో ఎక్కువగా ఉన్నంతవరకు పురుగు పురుగుగానే ఉంటుంది. తగ్గితే గూడు కట్టి ప్యూపా అవుతుంది. అటువంటి మందునే చివరి దశలో కొద్దిగా చల్లితే పురుగు మరికొంత కాలం పురుగుగానే ఉండి, ఇంకా ఆకు తిని, పెద్ద గూడు కడుతుంది. పిల్లతనం పొడిగించింది పురుగు సుఖానికి కాదు, మన పట్టుకు. బేబి సంగతీ నాకు అట్లే కనిపించింది. (మా జంతుశాస్త్రం వాళ్ళకు ఎక్కడ చూసినా పురుగులే కనిపిస్తాయని స్నేహితురాళ్ళు ఎగతాళి చేస్తారు. చేయనీ.)

సినిమా అయిపోయిన మర్నాడు, ఆకు కోస్తూ అమ్మను అడిగాను. "నీకు మళ్ళీ ఇరవై ఏళ్ళు వస్తే ఏం చేస్తావమ్మా?"

"ఇరవైలోనా? ఇరవైలో నాకు తీరికెక్కడిది మే? చంకలో మీయన్న, కడుపులో నువ్వు. ఆ వయసు నాకొద్దు."

"మరెంత కావాల?"

"పదారుకు రానీ. పదారులో ఒక్క నెల చాలు."

ఏ నెల అని అడిగితే చెప్పలేదు. రాత్రి పెట్టె తీసి ఒక కవరు చూపించింది. పదో తరగతి ప్యాసయ్యాక ఇంటర్ చేరడానికి తెచ్చుకున్న అప్లికేషను. పేరు, తండ్రి పేరు, ఊరు నింపి ఉంది. ఫోటో అంటించే గడి ఖాళీ. ఫోటో ఏమైందంటే, దాని కోసమే పలమనేరు పోయి స్టూడియోలో తీయించుకుందట. చెల్లెలి కొత్త ఓణీ వేసుకొని. తీరా కాపీలు వచ్చేసరికి ఎవరో సంబంధం ఉందన్నారట, పిల్ల ఫోటో ఒకటి కావాలన్నారట. కాలేజీకని తీసిన ఫోటో మా నాయన వాళ్ళింటికి పోయింది. "బాగా వచ్చింటిని అందులో" అనింది అమ్మ. అంతే. కోపంగా అనలేదు, ఏడుస్తూనూ అనలేదు.

సినిమాలో స్టూడియోకి పోయిన ముసలావిడ పడుచుపిల్ల అయి బయటికి వస్తుంది. మా అమ్మ పదహారేళ్ళ పిల్లగా స్టూడియోకి పోయి పెద్ద ముత్తైదువ అయి బయటికి వచ్చింది. ఈ రెండో రకం స్టూడియోలు మన జిల్లాలో ప్రతి టౌనులోనూ ఉండినాయి. వాటి మీద హాస్య చిత్రం ఎవరూ తీయలేదు.

మీకు మళ్ళీ ఇదే బతుకు కావాలా అని ఆడవాళ్ళను అడిగేముందు, మొదటిసారి అడిగినామా అన్నదే నా ప్రశ్న. మొదటిసారి అడగని దానికి "మళ్ళీ" అనే మాట ఎట్లా వస్తుంది? అయినా నేనేమీ బేబి రక్తమివ్వకుండా వెళ్ళిపోవాల్సింది అనడం లేదు. మనవడు చచ్చిపోతుంటే ఏ అవ్వా పోదు. కథ రాసినవాళ్ళు ఆమె ముందు పెట్టిన రెండు దారుల్లో ఒకదాన్ని ముందే మూసేసి, ఇష్టంగా ఎన్నుకుంది చూడండి అని చప్పట్లు కొట్టించారు. అక్కడ నాకు అభ్యంతరం. నవ్వులవరకు నందినీరెడ్డిగారికి నా దండాలు. మా అవ్వ అంతగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

నన్ను గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఏడు డిగ్రీ అయిపోతుంది. ఎమ్మెస్సీ చెయ్యాలని అమ్మ పట్టుదల. ఇంట్లో మిగతావాళ్ళకు వేరే ఆలోచనలున్నాయి. అమ్మ నా పక్షాన నిలబడి మాట్లాడుతుంటే సంతోషంగా ఉంటుంది. ఒక్కోసారి భయమూ వేస్తుంది. ఎమ్మెస్సీ కావాల్సింది నాకా, ఆ కవర్లోని పదహారేళ్ళ పిల్లకా? యయాతి కొడుకును నోరు తెరిచి అడిగాడు. మా ఇళ్ళల్లో ఎవరూ అడగరు. "నాకు లేకపాయె, నువ్వన్నా చదువు" అంటారు, మనం వాళ్ళ వయసు నెత్తిన పెట్టుకొని బస్సెక్కుతాము. బరువే. కానీ దించమంటే దించబుద్ధి కాదు. నాకు జంతుశాస్త్రం నిజంగానే ఇష్టం, అది నా అదృష్టం. ఇష్టం లేనివాళ్ళు మన హాస్టల్లో ఎందరున్నారో ఎవరికి తెలుసు.

మొన్న పి.జి. ప్రవేశపరీక్ష దరఖాస్తుకని పలమనేరులో ఫోటో తీయించుకున్నాను. ఎనిమిది కాపీలిచ్చారు. ఇంటికి పోతే అవ్వ కళ్ళజోడు పెట్టుకొని చూసి, బాగా వచ్చిందే, ఒకటి నాకాడ ఉండనీ అనింది. అవ్వ దగ్గర ఎందుకో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. అమ్మ ఆకు చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చి, కాపీలు లెక్కబెట్టి కవర్లో పెట్టింది. ఎనిమిదీ.

"అన్నీ హాస్టలుకు ఎత్తుకొని పో" అనింది.