వాగుల సంగతి కూడా రాయండి

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో ములుగు జలపాతాల మీద వచ్చిన వ్యాసం చదివితే అప్పటికప్పుడు బయల్దేరాలనిపించింది. రామప్ప, లక్నవరం చెరువులు చూసుకుని, మర్నాడు అడవిలో నడిచి ముత్యాలధార చేరుకోమన్నారు. బాగుంది. కానీ దారిలో వాగులున్నాయన్న మాటే లేదు. పైగా అటవీ శాఖ ఆంక్షలు అతి అన్నారు. నేను ఒప్పుకోను.

2023 జూలై 26న ఇదే ధార చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగి వీరభద్రవరం అడవిలో చిక్కుకుపోయారు. ఆ రాత్రి ఎన్డీఆర్ఎఫ్ బృందం వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది.

మన నెత్తిన ఎండ కాస్తున్నా పైన గుట్టల్లో వాన పడితే చాలు. పొద్దున పాదాలు తడిసేంత నీళ్లు సాయంత్రానికి నడుం దాటతాయి. తేట నీరు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే ఫొటోలు మానేసి ఒడ్డెక్కాలి. అవతల ఉండిపోతే నీరు తగ్గేదాకా ఆగాలి, దాటకూడదు. అక్కడి పశువుల కాపరులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వెంగళరావు నగర్‌లో శుక్రవారం రాత్రి కారెక్కే కుర్రాళ్లకు మాత్రం చెప్పాలి. వాళ్లు చదివేది మీ వ్యాసమే.

బొగత జలపాతం దగ్గర నీటి ఉధృతి పెరిగితే సందర్శకులను ఆపేస్తారు. ఆపడమే మంచిది.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పక్కనే ఒక బాక్సు కట్టి, దారిలో ఎన్ని వాగులున్నాయో, ఎవరి అనుమతి తీసుకోవాలో తప్పకుండా ఇవ్వండి.

– ఒక పాఠకురాలు, వెంగళరావు నగర్, హైదరాబాద్