లేకాక్‌లో ఆ కిటికీ దగ్గర ఆగండి
లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళకి స్టోన్‌హెంజ్, బాత్, మధ్యలో విల్ట్‌షైర్‌లోని లేకాక్ అనే పల్లె, అన్నీ ఒక్కరోజులో చూపించేసే బస్సులంటే నాకు ఒళ్ళుమంట. లేకాక్‌లో హ్యారీ పాటర్ సినిమా తీసిన మఠం వసారాలో ఫొటోలు దిగేసరికే హారన్ కొడతారు. అసలు చూడాల్సింది ఆ మఠంలోనే, పైన దక్షిణపు గదిలో ఉన్న చిన్న కిటికీ. 1835 ఆగస్టులో ఇల్లుగా మారిన ఆ మఠం యజమాని ఫాక్స్ టాల్బట్ దాన్ని వెండి లవణాలు పూసిన కాగితం మీదికి పట్టాడు. నేటికీ మిగిలున్న ఫొటో నెగెటివ్‌లలో అన్నిటికంటే పాతది అదే. చేతిలో ఫోను పెట్టుకుని ఆ కిటికీ ముందునుంచే నడిచిపోతాం! ఊళ్ళో ఇళ్ళు చాలావరకు 1944 నుంచి నేషనల్ ట్రస్టువి; వాటిలో జనం అద్దెకి కాపురముంటున్నారు, గుమ్మాల్లోకి తొంగిచూడకండి. ఇంకో మాట: ఈసారికి స్టోన్‌హెంజ్ మానేసి ఏవ్‌బరీ వెళ్ళండి. అక్కడ రాళ్ళ వలయం లోపలే ఊరుంది, పబ్బూ ఉంది. రాళ్ళని చేత్తో తాకొచ్చు, చూడ్డానికి టికెట్ లేదు. కారు పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి.